ఎండనూ నీటినీ చదివిన చూపు: రాజా దీనదయాళ్

తెలంగాణా మెట్టనేలలో చెరువు లేని ఊరిని వెదకి పట్టుకోవడం కష్టం. కాకతీయుల కాలం నుండి, అంతకు ముందు నుండి కూడ, ఊరు నిలుపదలచినవారు మొదట కట్ట వేయదగిన వాలు ఎక్కడున్నదో చూచుకొన్నారు. కట్ట లేచిన తరువాత ఆ నీటిని నమ్ముకొని పొలాలు, పొలాలను నమ్ముకొని ఇళ్ళు, ఇళ్ళ నడుమ గుళ్ళు వెలసినవి. ఒకనాడు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన పోచంపల్లి అట్టి ఊళ్ళలో ఒకటి. మగ్గాల మీద నేసే రంగుల చీరలకు అది పేరుగన్నది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చినది అక్కడనే. భూదానోద్యమం అక్కడనే పుట్టినది. 2021లో ఐక్యరాజ్య సమితికి చెందిన ప్రపంచ పర్యాటక సంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా గుర్తించింది.

ఇట్టి చెరువుగట్టు ఊరికి కెమెరాతో వెళ్ళిన వానికి మొదట ఎదురయ్యే ప్రశ్న, ఏ వేళకు నిలబడాలి అన్నది. నిలబడవలసిన చోటు తరువాతి సంగతి. ఒకే కట్ట, ఒకే నీరు, ఒకే గోపురం ఉదయం ఒక రూపాన, మధ్యాహ్నం మరొక రూపాన, సాయంకాలం వేరొక రూపాన కనిపిస్తవి. సూర్యుడు మన మాట వినడు. మనమే ఆయన రాకకు వేచి ఉండాలి. ఈ సత్యాన్ని వృత్తిధర్మంగా స్వీకరించి, హైదరాబాదు రాజ్యపు కోటలను, చెరువులను, నగరాలను గాజుపలకల మీద నిలిపి పోయిన మహనీయుడు రాజా దీనదయాళ్. పంతొమ్మిదవ శతాబ్దపు భారతదేశంలో ఆయనతో సాటి రాగల ఛాయాచిత్రకారులు బహు కొద్దిమంది.

నక్షాల నుండి ఛాయాచిత్రాలకు

దీనదయాళ్ 1844లో మీరట్ సమీపాన ఉన్న సర్ధనా పట్టణంలో జన్మించాడు. బేగం సమ్రూ ఏలుబడి వలన చరిత్రకెక్కిన ఊరు అది. ఆయనది జైన కుటుంబం. వంశపారంపర్యంగా రత్నాల, ఆభరణాల వ్యాపారం. రాయిని వెలుతురులో త్రిప్పి చూచి, దాని నీటిని బట్టి వెల కట్టే వారి ఇంట పుట్టిన బాలుడు కులవృత్తిని విడిచి ఇంజనీరింగు చదువు వైపు మొగ్గినాడు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి 1866లో చదువు ముగించాడు. గంగానది కాలువ నిర్మాణానికి కావలసిన సిబ్బందిని తయారు చేయడానికి ఏర్పడిన కళాశాల అది. అక్కడ ఆయన నేర్చినవి కొలతలు, అంచనాలు, నక్షాలు.

చదువు ముగిసిన వెంటనే ఇందూరులోని పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు కట్టే ఉద్యోగిగా, నక్షాలు గీసే వానిగా చేరాడు. రమారమి 1874 ప్రాంతాన, ముప్పయ్యవ ఏట, ఆయన కెమెరా చేతపట్టాడు. ఆ వయస్సులో కొత్త విద్య నారంభించిన వాడు దానిలో దేశప్రసిద్ధి పొందడం అరుదైన సంగతి. కాని ఆయన చేతిలో అప్పటికే ఒక పెట్టుబడి ఉన్నది. ఒక కట్టడాన్ని చూడగానే దాని ఎత్తు, వెడల్పు, లోతు, నిలువు గీతలు ఆయన కంటికి లెక్కలుగా తోచేవి. తరువాతి కాలపు ఆయన చిత్రాలలో గోడలు వాలిపోవు, స్తంభాలు ఒరగవు, కట్టడం ముందు నిలిపిన చిన్న మానవాకృతి దాని పరిమాణాన్ని చెప్పకనే చెప్పుతుంది. ఇదంతా నక్షాలు గీసిన చేతి క్రమశిక్షణ.

గాజుపలక కథ

నాటి ఛాయాచిత్రకళ నేటి విద్యార్థికి కొంత వివరించవలసిన విషయం. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆంగ్లేయుడు ప్రకటించిన పద్ధతిలో, గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, దానిని సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో ముంచి, తడి ఆరక ముందే కెమెరాలో పెట్టి చిత్రం తీయాలి. తడి ఆరక ముందే రసాయనాలతో కడుగాలి. అంటే కెమెరాతో పాటు చీకటి గుడారం, సీసాలు, పళ్ళెములు, నీటి కుండలు అన్నీ వెంట నడవాలి. వేసవి ఎండలో పలక నిమిషాల మీద ఆరిపోయేది. దుమ్ము రేణువు పడితే చిత్రమంతా మచ్చ. పెద్ద చిత్రం కావాలంటే పెద్ద పలక కావాలి; చిత్రాన్ని పెంచి ముద్రించుకొనే సౌకర్యం నాడు సామాన్యంగా లేదు కనుక పలక ఎంతో చిత్రమూ అంతే.

1871లో రిచర్డ్ మాడక్స్ జెలటిన్ పూసిన పొడి పలకలకు దారి చూపినాడు. 1880 నాటికి ఇవి అంగళ్ళలో లభించసాగినవి. వీటిని ముందుగా కొని పెట్టెలలో దాచుకొనవచ్చు. తీసిన తరువాత తీరికగా కడుగవచ్చు. దీనదయాళ్ వృత్తిజీవితం ఈ రెండు పద్ధతుల సంధికాలంలో సాగింది.

పలక మీద వెలుగు పడిన చోట నల్లబడుతుంది. నీడ ఉన్న చోట గాజు తెల్లగా మిగులుతుంది. ఈ తలక్రిందుల బొమ్మను కాగితం మీద పరచి ఎండలో ఉంచితే నలుపు తెలుపులు తిరిగి తమ తమ స్థానాలకు వస్తవి. పోచంపల్లి నేతగాని పని తెలిసిన వానికి ఇది వెంటనే అర్థమవుతుంది. చిటికి కట్టే పద్ధతిలో నూలును అద్దకానికి ముందే అక్కడక్కడ బిగించి కట్టుతారు. కట్టిన చోటికి రంగు చేరదు. విడిచిన చోట రంగు పట్టుతుంది. కట్టే వేళ నేతగాని మనస్సులో ఉన్నది విప్పిన తరువాతి బొమ్మ. ఈ విద్య చీరాల ప్రాంతం నుండి పోచంపల్లికి వచ్చినది ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో. అప్పటికి దీనదయాళ్ లేడు. అయినా రెండు పనుల గుణం ఒకటే. ఎక్కడ పట్టాలో, ఎక్కడ పట్టరాదో ముందే ఎరిగిన వానికే బొమ్మ కుదురుతుంది.

ముద్రణ కాగితానికి కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి, దాని మీద వెండి లవణాన్ని నిలిపేవారు. చట్రంలో బిగించి ఎండలో పెట్టేవారు. ఈ కాగితాల మీద అచ్చయిన చిత్రాలకు లేత గోధుమ వన్నె వచ్చేది. అంటే తీసేటప్పుడూ సూర్యుడే, ముద్రించేటప్పుడూ సూర్యుడే. మబ్బు పట్టిన నాడు ఛాయాచిత్రకారుని ఇంట రెండు పనులూ మందగించేవి.

దతియా చెరువు, బుందేల్‌ఖండ్ ఎండ

ఇందూరు ప్రభువు రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్య భారతంలో గవర్నరు జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ దీనదయాళ్ పనిని మెచ్చి ప్రోత్సహించారు. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశంలో పర్యటించినపుడు ఆ సందర్భపు చిత్రాలు తీసే అవకాశం ఆయనకు లభించింది. ఆ పిమ్మట 1882లో, డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి, కోటలను, దేవాలయాలను, రాజప్రాసాదాలను చిత్రించాడు. ఆ చిత్రాలతో 1886లో లండన్‌లో వెలువడిన గ్రంథం మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలను ప్రపంచానికి పరిచయం చేసింది.

ఆ కాలంలోనే ఆయన చిత్రించిన వానిలో దతియా రాజప్రాసాదం ఒకటి. పదిహేడవ శతాబ్దంలో వీరసింహదేవుడు కట్టించిన ఏడంతస్తుల మేడ అది. క్రింద చిన్న పట్టణం; మేడ గుట్ట మీద; దాని ముఖద్వారం తూర్పున; దక్షిణపు వైపున చెరువు. చెరువుగట్టు పట్టణాన్ని మంచి వెలుతురులో పట్టడం ఎట్లా అన్న ప్రశ్నకు ఇంతకంటె మేలైన పాఠం దొరకదు.

తూర్పు ముఖం ఉదయమే వెలుగుతుంది, మధ్యాహ్నం దాటితే నీడలో పడుతుంది. కాని దక్షిణపు గోడ సంగతి వేరు. దతియా కర్కటరేఖకు కొంచెం ఉత్తరాన ఉన్నది. జూన్ నెలలో సూర్యుడు ఈశాన్యాన ఉదయించి వాయవ్యాన అస్తమిస్తాడు. మధ్యాహ్నం ఇంచుమించు నడినెత్తికి వస్తాడు. అప్పుడు దక్షిణపు గోడకు ఉదయం, సాయంకాలం ఎండ తగలదు. మధ్యాహ్నం తగిలినా అది గోడను రాచుకొంటూ జారిపోతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణాయనపు చివరన ఉంటాడు; నడి మధ్యాహ్నం కూడ ఆకాశంలో సగానికి మించి ఎక్కడు. అప్పుడు ఆ గోడకు దినమంతా ఏటవాలు ఎండ దక్కుతుంది. గవాక్షాల కింద, చూరుల కింద, చెక్కడాల అంచుల వెంట చిన్న చిన్న నీడలు పడి రాతికి లోతు వస్తుంది. అధికారుల పర్యటనలు సామాన్యంగా చలికాలంలో సాగడం ఛాయాచిత్రకారునికి అయాచితంగా కలిసివచ్చిన వరం.

ఇక నీటి సంగతి. తెల్లవారుజామున గాలి ఉండదు; నీరు అద్దమై మేడ ప్రతిబింబాన్ని చూపుతుంది. ఆ వేళ నేటి వారికి ప్రియమైనది. కాని నాటి పలకకు ఆ ఎర్రని బంగారు వెలుగు దాదాపు గుడ్డిది. ఆ పలకలు నీలికాంతికే బాగా స్పందించేవి. ఎరుపు, నారింజ వన్నెలు వాటికి నలుపుతో సమానం. లేత ఎండలో చిత్రం పట్టాలంటే కటకపు మూతను చాలసేపు తెరిచి ఉంచాలి. పొద్దెక్కి ఎండ తెల్లబడితే పలక చురుకుగా పనిచేస్తుంది. కాని అప్పటికి నేల వేడెక్కి గాలి లేస్తుంది. నీటి మీద అలలు పుట్టి ప్రతిబింబం చెదరుతుంది. కాబట్టి అదను ఈ రెండింటి నడుమ ఉండే స్వల్ప వ్యవధి. ఎండ తెల్లబడాలి, గాలి ఇంకా లేవరాదు. నేలలో గుచ్చిన కర్ర నీడ కర్రకంటె పొడవుగానే ఉన్నదంటే సూర్యుడు ఇంకా నలభై అయిదు డిగ్రీలకు దిగువనే ఉన్నాడన్నమాట. ఆ వేళ రాతి మీద చెక్కడాలు స్పష్టంగా పలుకుతవి.

మరొక చిక్కు ఆకాశం. నీలి ఆకాశం ఆ పలక మీద అతిగా వెలిగి, ముద్రణలో తెల్లకాగితమై మిగిలేది. మబ్బులు కనబడేవి కావు. ఆకాశాన్ని ప్రతిబింబించే నీరూ అంతే. చెట్ల పచ్చదనం నల్లని ముద్దగా పడేది. అందుచేత దీనదయాళ్ వంటివారు పైన తెల్లని ఆకాశం, క్రింద తెల్లని నీరు, నడుమ కట్టడపు గీత అనే అమరికను ముందే ఊహించుకొని నిలువవలసి వచ్చేది. ఆ చిత్రాలలో మనకు కనిపించే ప్రశాంతత కొంత ఆ కాలపు పలకల పరిమితి నుండి పుట్టినదే. లోపాన్ని గుణంగా మలచుకొనడం ఆయన నేర్పు.

హైదరాబాదు రాక

1884లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ రాజ్యాధికారాన్ని స్వయంగా చేపట్టాడు. ఆ తరువాతి కొద్ది సంవత్సరాలలోనే దీనదయాళ్ ప్రభుత్వోద్యోగానికి స్వస్తి చెప్పి, హైదరాబాదుకు తరలివచ్చి నిజాం కొలువులో చేరినాడు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. వైస్రాయి డఫ్రిన్ ప్రభువు కూడ ఆయనకు తన ఛాయాచిత్రకారుడనే గౌరవాన్ని ఇచ్చాడు. నిజాం ఆయనకు రాజా బిరుదుతో పాటు ముసవ్విర్ జంగ్ అనే బిరుదును కూడ ప్రసాదించాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆయన కళను ప్రశంసిస్తూ ఉర్దూలో ద్విపద కూడ చెప్పినాడు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దీనదయాళ్ చిత్రాలకు బహుమతి లభించింది. విక్టోరియా మహారాణి నుండి కూడ నియామక పత్రం వచ్చింది. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో వెలసింది.

బుందేల్‌ఖండ్ రాతికి అలవాటుపడిన కన్ను హైదరాబాదు రాజ్యంలో కొత్త పాఠాలు నేర్వవలసి వచ్చి ఉంటుంది. చార్మినారు, గోల్కొండ, ఓరుగల్లు, బీదరు, దౌలతాబాదు, ఎల్లోరా గుహలు ఆయన కెమెరా ముందుకు వచ్చినవి. గోల్కొండ గుట్టలు, భువనగిరి బండ, నల్లగొండ కొండలు అన్నీ కరకు నల్లసేనపు రాతివి; వాటి మీద ఎండ నేరుగా పడితే తళతళమని మెరిసి వివరం మాయమవుతుంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, పదహారవ శతాబ్దంలో తవ్విన హుస్సేన్‌సాగరం హైదరాబాదుకూ సికింద్రాబాదుకూ నడుమ పరచుకొని ఉన్నది. దీనదయాళ్ ఒక నగరంలో కొలువు చేసి, మరొక నగరంలో స్టూడియో నడిపినాడు. ఆ కట్ట మీది వెలుగు ఆయనకు దినచర్యలోని భాగం.

తెలంగాణాలో వెలుగుకు ఒక పంచాంగమున్నది. పోచంపల్లి, హైదరాబాదు రెండూ ఉత్తర అక్షాంశం పదిహేడు డిగ్రీల చిల్లరలో ఉన్నవి. సూర్యుడు అక్కడ ఏడాదికి రెండుమార్లు, మే రెండవ వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, సరిగా నడినెత్తికి వస్తాడు. ఆ రోజులలో మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. వేసవిలో చెరువులు అడుగంటుతవి. గాలిలో దుమ్ము నిండి దూరపు గుట్టలు మసకబారుతవి. నైరుతి వానలు దుమ్మును కడిగి, చెరువులను నింపి సెప్టెంబరు చివరకు తగ్గుముఖం పడుతవి. అక్టోబరు నుండి జనవరి వరకు నీరూ నిండుగా ఉంటుంది. ఎండా ఏటవాలుగా ఉంటుంది. గాలీ తేటగా ఉంటుంది. తెలంగాణాలో నేల సామాన్యంగా పడమటి నుండి తూర్పునకు వాలుతుంది కనుక పెక్కు చెరువుల కట్టలు తూర్పు వైపున ఉంటవి. ఉదయం అట్టి కట్ట మీద నిలిచిన వానికి సూర్యుడు వీపు వెనుక ఉంటాడు. నీరూ, అవతలి గట్టూ ఎదుట వెలుగుతవి. సాయంకాలం అదే కట్ట మీద నిలిస్తే సూర్యుడు ఎదుట ఉంటాడు. నీరు మెరుస్తుంది, అవతలి గట్టు నల్లని రేఖ అవుతుంది.

స్టూడియోలో కూడ ఆయనకు దిక్కు సూర్యకాంతియే. నాటి స్టూడియోలకు ఉత్తరపు వైపున గాజు పైకప్పు, గాజు గోడ ఉండేవి. ఉత్తరపు వెలుగు దినమంతా నిలకడగా ఉంటుంది. తెరలను జరిపి ఆ వెలుగును ముఖం మీదికి కావలసినంత రానిచ్చేవారు. 1892లో ఆయన హైదరాబాదులో రాణివాసపు స్త్రీల కొరకు ప్రత్యేకమైన జనానా స్టూడియోను నెలకొల్పాడు. దాని నిర్వహణ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఎత్తైన గోడల మాటున, పరాయి పురుషుని చూపు సోకని చోట, ఘోషా పాటించే స్త్రీలు తమ రూపాన్ని చిత్రంలో చూచుకోగలిగినారు.

ఎవరి కొరకు తీసిన చిత్రాలు?

దీనదయాళ్ జీవితాన్ని స్తోత్రంగా ముగిస్తే అది అసంపూర్ణం. ఆయన కెమెరాకు ఖర్చు పెట్టినది దర్బారు. ఆ కెమెరా ఎటు తిరగాలో నిర్ణయించినదీ చాలవరకు దర్బారే. ఆయన ఆల్బములలో విందులు, సైనిక కవాతులు, మేడల లోపలి అలంకారాలు, వేట శిబిరాలు బారులు తీరి ఉన్నవి. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు హైదరాబాదు రాజ్యానికి వచ్చి ఓరుగల్లు ప్రాంతాన నెక్కొండ వద్ద పులులను వేటాడినపుడు దీనదయాళ్ సంస్థ తీసిన చిత్రం లోకప్రసిద్ధం. చచ్చిన పులి వద్ద ప్రభువు, ఆయన భార్య మనకు స్పష్టంగా కనిపిస్తారు. అట్టి వేటలకు అడవిని చుట్టుముట్టి, డప్పులు కొట్టి పులిని తరిమిన పల్లెవాసుల పేర్లు ఏ చిత్రం క్రిందా కనిపించవు.

అయితే అదే కెమెరా మరొక వైపు కూడ తిరిగింది. పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో దక్కనును పట్టి పీడించిన కరువులో నిజాం ప్రభుత్వం జరిపిన సహాయ కార్యక్రమాలను దీనదయాళ్ చిత్రించాడు. ప్రభుత్వం కోరినది తన దాతృత్వానికి సాక్ష్యం. కాని గాజుపలక కోరినంతలో ఆగదు. తన ముందున్నదంతా పట్టుతుంది. గంజి కొరకు కూర్చున్న వారి ఎముకలు, కట్టుబట్టల చిరుగులు, పిల్లల కళ్ళు ఆ చిత్రాలలో ఉన్నవి. దర్బారు అలంకారాలకు ఉపయోగపడిన నిలకడయే ఇక్కడ ఆకలికి సాక్షి అయినది. ఆయన చిత్రాలన్నింటిలో నేటి చరిత్ర విద్యార్థిని అన్నింటికంటె ఎక్కువగా నిలిపివేసేవి ఇవే.

ఈ రెండు కొసల నడుమ ఉన్నది సామాన్యమైన ఊరు. కరువూ వేటా దొరల రాకా లేని మామూలు దినాన, చెరువు నిండి, మగ్గం ఆడి, పొయ్యి రాజుకొన్న ఊరిని చిత్రించుమని డబ్బిచ్చి అడిగే యజమాని నాడు లేడు. అందుచేత నూట నలభై ఏండ్ల క్రిందటి గోల్కొండ ఎట్లా ఉన్నదో మనకు తెలుసు గాని, అదే ఎండ పడిన తెలంగాణా చెరువుగట్టు పల్లెలలో పెక్కింటి రూపం తెలియదు. ఈ లోటుకు దీనదయాళ్‌ను నిందించడం న్యాయం కాదు. ఒక కళ ఎంత గొప్పదైనా, దానికి వెల ఇచ్చే చేయి ఎటు చూపితే అటే మొదట నడుస్తుంది.

అస్తమయం, తరువాత

చివరి సంవత్సరాలు ఆయనకు సుఖంగా గడవలేదు. తనతో పాటు వృత్తిలో ఆరితేరిన పుత్రుడు ధరమ్‌చంద్ 1904లో మరణించాడు. మరుసటి ఏడు, 1905 జూలై 5న, బొంబాయిలో దీనదయాళ్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఒకటి. మరొక పుత్రుడు జ్ఞానచంద్ తండ్రి పనిని కొనసాగించాడు.

ఆయన పోయిన మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీనది పొంగి హైదరాబాదు నగరంలో పెద్ద భాగాన్ని ఊడ్చివేసింది. వేల ప్రాణాలు పోయినవి. నది ఒడ్డున ఉన్న పేటలు నేలమట్టమైనవి. ఆ తరువాత కట్టిన నగరం వేరు. వరదకు ముందటి హైదరాబాదును కంటితో చూడదలచిన వానికి నేడు మిగిలిన దారులలో దీనదయాళ్ చిత్రాలు ముఖ్యమైనవి. విందు కొరకు, బహుమానం కొరకు తీసిన బొమ్మ కాలం గడిచేసరికి పత్రమైనది, దస్తావేజైనది.

గాజుపలక మన్నిక చిత్రమైన సంగతి. తేమకు పూత ఊడిపోతుంది. చేయి జారితే పగిలిపోతుంది. అయినా జాగ్రత్తగా ఉంచితే వంద ఏండ్లు దాటి నిలుస్తుంది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగటివులను సేకరించి భద్రపరిచింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది. 2013లో కెనడాలోని టొరంటో నగరంలో రాయల్ ఆంటారియో మ్యూజియం ఆయన చిత్రాలను ప్రత్యేకంగా ప్రదర్శించింది.

ఇన్ని పలకలు మిగిలినా, ఆయన వద్ద నుండి నేర్వవలసిన అసలు విద్య వాటిలో కాక వాటికి ముందు గడిచిన గంటలలో ఉన్నది. ఒక చిత్రానికి ఒక పలక, పలక ఖరీదైనది, మోసుకొని వచ్చిన దూరం పెద్దది. అందుచేత ఆయన ముందు చూచి, లెక్కించి, వేచి, ఆ తరువాతనే కటకపు మూత తీయవలసి వచ్చింది. నేడు బడిపిల్లల చేతికి కూడ కెమెరా వచ్చింది. పలక ఖర్చు లేదు, చీకటి గుడారం లేదు, ఎరుపు వెలుగును చూడలేని దోషం లేదు. పోచంపల్లి వంటి ఊరిలో ఒక ఉపాధ్యాయుడు తన తరగతిని అక్టోబరు ఉదయాన కట్ట మీదికి తీసుకొని పోయి, కర్ర పాతి నీడను కొలిపించి, గాలి లేవక ముందు నీటిని చూపించి, ఆ పిమ్మట చిత్రం తీయించితే భూగోళం, భౌతికశాస్త్రం, చరిత్ర మూడూ ఒక్క పాఠంలో ఇముడుతవి. చిత్రం క్రింద తేదీ, వేళ, అందులో నిలిచిన మనుష్యుల పేర్లు వ్రాయించితే నెక్కొండ చిత్రంలో మిగిలిపోయిన లోటు కొంతైనా తీరుతుంది. దర్బారు అడుగని ఊరి చిత్రాన్ని తీయడానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కరలేదు.